గీత లేని గుండు: చుక్కలతో ఇంకు బొమ్మ ఎలా వేయాలి

చుక్కల బొమ్మ అనగానే మన చేతికి ముందు గుర్తొచ్చేది ముగ్గు. ఆ అలవాటును గుమ్మం దగ్గరే వదిలి రండి. ముగ్గులో చుక్కలు వరసగా, సమానమైన ఎడంతో పడతాయి, వాటిని కలిపి బొమ్మ కట్టేది గీత. ఇక్కడ గీత ఉండదు. వరస కనిపించకూడదు. చుక్కలన్నీ ఒకే సైజు, ఒకే నలుపు. వాటి మధ్య ఎడం తగ్గితే నీడ, పెరిగితే వెలుగు. దినపత్రికలో అచ్చయిన ఫొటోను భూతద్దం కింద పెట్టి చూస్తే దీన్ని తిరగేసిన పద్ధతి కనిపిస్తుంది: అక్కడ ఎడం మారదు, చుక్క లావు మారుతుంది. మనం చుక్క లావు మారనివ్వం, ఎడాన్నే నడిపిస్తాం. కింద చెప్పేదంతా ఆ ఎడాన్ని చేతికి నేర్పడం గురించే.

వేయబోయే బొమ్మ: ఒకదాని మీద ఒకటి కూర్చున్న రెండు రాతి గుండ్లు. హైదరాబాద్‌లో వీటి కోసం వెతకక్కర్లేదు. ఖాజాగూడ గుట్టలు, దుర్గం చెరువు గట్లు, మౌలాలి, గోల్కొండ కోట లోపలి మెట్ల దారి, అన్నిచోట్లా ఉన్నాయి. ఇవి దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. పగుళ్లు పారిన రాయిని నీళ్లు, ఎండ తినేటప్పుడు మూల మూడు వైపుల నుంచి అరుగుతుంది, అంచు రెండు వైపుల నుంచి, చదునైన ముఖం ఒక్క వైపు నుంచే. అందుకే పలకగా ఉన్న బండ చివరికి గుండయింది. ఆ గుండ్రదనం మనకు పనికొస్తుంది: వెలుగు నుంచి నీడలోకి మెల్లగా తిరుగుతుంది, ఎక్కడా కత్తిరించినట్టు ఆగదు. పైగా గ్రానైట్ అంటేనే గింజలు గింజలుగా ఉండే రాయి. చుక్క పడగానే రాయిలాగే కనిపిస్తుంది, గరుకుదనం కోసం విడిగా ఏమీ చేయనక్కర్లేదు.

చార్మినార్‌ను మొదటి బొమ్మగా పెట్టుకోకండి. అన్నీ నిలువు అంచులు, నాలుగూ ఒకేలా ఉండాల్సిన మినార్లు. ఒకటి మిల్లీమీటరు వంగినా చూసినవాళ్లు పట్టేస్తారు. గుండు వంగితే అడిగేవాళ్లు లేరు.

కొనాల్సినవి

పెన్ను: పిగ్మెంట్ ఇంకు (రంగు పొడితో చేసిన ఇంకు) ఉన్న ఫైన్‌లైనర్, అంటే సన్నటి పీచు మొన పెన్ను. సకురా వాళ్ల పిగ్మా మైక్రాన్ అయితే 01 నంబరు. నంబరు చూసి మోసపోకండి, ఇక్కడ 01 అంటే 0.1 మిల్లీమీటరు కాదు, 0.25. అదే వరసలో 005 అంటే 0.20, 05 అంటే 0.45. స్టెడ్‌లర్, యూని పిన్ లాంటి వాటి మీద మిల్లీమీటర్లే రాసి ఉంటాయి కాబట్టి వాటిలో 0.2 తీసుకోండి. ఒకే రకం, ఒకే నంబరు పెన్నులు రెండు కొనండి. రెండోది ఎందుకో తర్వాత చెబుతాం. 0.05 లాంటి సన్నటివి మొదట్లో వద్దు. మొన సున్నితం, చేయి బరువుకు లోపలికి దిగిపోతుంది, చుక్కలు చాలా ఎక్కువ వేయాల్సి వస్తుంది.

బాల్ పెన్ను, జెల్ పెన్ను ఎందుకు పనికిరావంటే, వాటి మొనలో ఉన్న గోళీ దొర్లితేనే ఇంకు దిగుతుంది. చుక్క పెట్టినప్పుడు గోళీ దొర్లదు. అందుకే ఒక చుక్క ఖాళీగా పోతుంది, తర్వాతది ముద్దగా పడుతుంది. జెల్ అయితే ఆ ముద్ద ఆరేలోపు అరచేయి దాని మీదికి వెళుతుంది. ఇంట్లో ఎవరిదైనా పాత డ్రాఫ్టింగ్ ట్యూబ్ పెన్ను (ఇంజినీరింగ్ ప్లాన్లు గీసేది) ఉంటే మాత్రం అదృష్టమే. మొన లోహపు గొట్టం కాబట్టి అంత తొందరగా అరగదు, ప్రతి చుక్కా అచ్చు గుద్దినట్టు పడుతుంది. నిట్టనిలువుగా పట్టాలి, నాలుగు రోజులు వాడకపోతే విప్పి కడగాలి. ఇంకు లోపల గడ్డకడితే దాన్ని బాగుచేసుకోవడమే ఒక పని అవుతుంది.

కాగితం: నున్నగా ఉండాలి, 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు) పైన ఉండాలి. ఐవరీ షీట్, బ్రిస్టల్ షీట్, లేదా హాట్ ప్రెస్ (వేడిగా నొక్కి నున్నగా చేసిన) వాటర్‌కలర్ పేపర్. స్కూల్ డ్రాయింగ్ బుక్‌లోని కార్ట్రిడ్జ్ కాగితానికి గరుకు ఉంటుంది, చుక్క ఆ గుంటల్లో పడి గుండ్రంగా రాదు. జిరాక్స్ కాగితం ఇంకును పీల్చి చుట్టూ వెంట్రుకల్లా పాకిస్తుంది. కోఠి, ఆబిడ్స్ వైపు స్టేషనరీ దుకాణాలకు వెళ్లేటప్పుడు మీ పెన్ను జేబులో పెట్టుకెళ్లండి. షీట్ అంచు ముక్క ఒకటి అడిగి 20 చుక్కలు పెట్టండి, ఫోన్ కెమెరాను జూమ్ చేసి చూడండి. చుక్క అంచు శుభ్రంగా ఉంటే కొనండి, వెంట్రుకలు కనిపిస్తే ఎంత ఖరీదైన కాగితమైనా వదిలేయండి. షీట్‌ను ఏ5 సైజుకు, అంటే 148 × 210 మి.మీ.కు కోసుకోండి. మొదటి బొమ్మకు అంతకన్నా పెద్దది పెట్టుకుంటే పూర్తికాదు.

ఇంకా కావాల్సినవి: హెచ్‌బీ పెన్సిల్, పిండిముద్దలా నలిగే నీడెడ్ ఇరేజర్, అరచేతి కింద పెట్టుకోవడానికి ఒక తెల్ల కాగితం, స్కేలు. కుడిచేతివాళ్లయితే ఎడమవైపు నుంచి పడే టేబుల్ లైటు. 2హెచ్ లాంటి గట్టి పెన్సిల్ వాడకండి. దాని గాడి కాగితంలో ఉండిపోతుంది, ఆ గాడి మీద పడ్డ చుక్క పక్కకు జారుతుంది.

ఫొటో ఎప్పుడు తీయాలి

గుట్ట దగ్గర కూర్చుని వేయొచ్చు, కానీ నీడ అరగంటలో జరిగిపోతుంది, చుక్కల పనికి గంటలు పడతాయి. ఫొటో తీసుకుని ఇంట్లో వేయడమే మేలు. పొద్దున 7, 8 మధ్య, లేదా సాయంత్రం 4:30 దాటాక తీయండి. మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటే గుండుకు ఒకవైపు వెలుగు, ఒకవైపు నీడ అన్న తేడా ఉండదు, గుండ్రదనం చచ్చిపోతుంది. హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే 9, ఆగస్టు 3 చుట్టుపక్కల మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా తల మీదికి వస్తాడు. నిలువు కర్రకు నీడే ఉండని రోజులవి. ఆ వేళ తీసిన ఫొటోతో ఎంత నేర్పున్నవాళ్లయినా గుండును అప్పడంలా వేస్తారు.

ఫొటోను ఫోన్‌లోనే నలుపు తెలుపుకు మార్చి కాంట్రాస్ట్ పెంచండి. కళ్లు సగం మూసి చూడండి. చిన్న చిన్న మచ్చలు, చారలు మాయమై నాలుగైదు పెద్ద ముక్కలే మిగులుతాయి. మీరు వేయబోయేది ఆ ముక్కలనే. వాన నీటి నల్ల చారలు, పగుళ్లలో మొలిచిన గడ్డి, వెనక అపార్ట్‌మెంట్లు, దుర్గం చెరువు అయితే తీగల వంతెన, అన్నీ వేయాలనిపిస్తుంది. తక్కువతో చెప్పే బొమ్మలో ఒక్కటి చేర్చాలంటే ఇంకొకటి తీసేయాలి. మొదటిసారికి రెండు గుండ్లు, వాటి నీడ. అంతే.

ఐదు గళ్ల కసరత్తు

అసలు బొమ్మకు ముందు, అదే కాగితం ముక్క మీద, అదే పెన్నుతో 1 సెం.మీ. × 1 సెం.మీ. గళ్లు ఐదు గీసుకోండి. మొదటి గడి ఖాళీ. రెండో గడిలో 70 చుక్కలు, మూడో దాంట్లో 140, నాలుగో దాంట్లో 400, ఐదో దాంట్లో 1,000. నిజంగానే లెక్కపెట్టి వేయండి. అన్నీ కలిపి 1,610 చుక్కలు, సుమారు ఇరవై నిమిషాల పని.

లెక్క ఇలా వచ్చింది. 0.25 పెన్ను నున్నటి కాగితం మీద దాదాపు 0.3 మి.మీ. వెడల్పు చుక్క పెడుతుంది, అంటే 0.07 చదరపు మిల్లీమీటరు. 70 చుక్కలు గడిలో 5 శాతాన్ని కప్పుతాయి, చుక్కకూ చుక్కకూ ఎడం సగటున 1.2 మి.మీ. 140 అయితే 10 శాతం, ఎడం 0.85. 400 అయితే పావు వంతు పైచిలుకు, ఎడం అర మిల్లీమీటరు. 1,000 దగ్గర చుక్కలు ఒకదాన్నొకటి తాకుతాయి, ఒకదాని మీద ఒకటి పడతాయి. లెక్క ప్రకారం 70 శాతం కప్పాలి, కానీ మీద మీద పడటం వల్ల నిజంగా కప్పేది సగం దగ్గరే ఉంటుంది.

ఈ కసరత్తులో చూడాల్సింది ఇదే. తెల్లటి వైపు ఒక్కో చుక్కకూ విలువ ఉంది: 70 నుంచి 140కి వెళితే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నల్లటి వైపు ఇంకో 70 వేసినా ఎవరికీ తెలియదు. అందుకని జాగ్రత్తంతా వెలుగు అంచుల్లో ఖర్చు పెట్టాలి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. నీడలో గంటసేపు చెక్కినట్టు కూర్చుని, చివర్లో వెలుగువైపు నాలుగు చుక్కలు చల్లేస్తారు.

గళ్ల ముక్కను పారేయకండి. బొమ్మ వేస్తున్నంతసేపూ పక్కన ఉంచుకుని, ఈ చోటు రెండో గడియా, మూడో గడియా అని పోల్చుకోవాలి. కాగితం మారినా, పెన్ను మారినా గళ్లు మళ్లీ వేయాల్సిందే.

చుక్క పెట్టే తీరు

పెన్ను దాదాపు నిలువుగా ఉండాలి. రాసేటప్పటిలా వాల్చితే చుక్క కోడిగుడ్డు ఆకారంలో వస్తుంది. మొన కాగితాన్ని తాకాలి, పొడవకూడదు. టక్ టక్ మని చప్పుడు వినిపిస్తుంటే గట్టిగా కొడుతున్నట్టే. కదలిక వేళ్లలో ఉండాలి, మణికట్టు కాగితం మీద కుదురుగా ఉండాలి. సెకనుకు రెండు చుక్కలకు మించి వేగం వద్దు.

ఎక్కడ పెట్టాలన్నదానికి ఒకటే నియమం: పక్కపక్కనున్న ఏ మూడు చుక్కలూ ఒకే గీతలో పడకూడదు, మూడు వైపులా సమానమైన త్రికోణంగానూ పడకూడదు. మొదటి వంద చుక్కలకు ఆలోచించాలి, ఆ తర్వాత చేతికి వచ్చేస్తుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరసగా నింపుకుంటూ పోకండి. కోడి గింజలు ఏరుకున్నట్టు, ఆ చోటంతా తిరుగుతూ పలచగా వేసి, మళ్లీ మొదటికొచ్చి సందుల్లో వేయండి. పది నిమిషాలకోసారి కాగితాన్ని పావు వంతు తిప్పండి. చేయి ఎప్పుడూ ఒకే దిక్కున వంపు తిరుగుతుంది, కాగితం తిప్పితే ఆ వంపు బొమ్మలోకి ఎక్కదు.

బొమ్మ: పెన్సిల్ నుంచి ఆఖరి చుక్క దాకా

ముందు చోటు. కాగితాన్ని నిలువుగా పెట్టుకోండి. కింది అంచు నుంచి 4 సెం.మీ. పైన గుండు అడుగు రావాలి. కింది గుండు సుమారు 8 సెం.మీ. వెడల్పు, 4 ఎత్తు. పైది 6 వెడల్పు, 5 ఎత్తు, నడిమికి కాకుండా కొంచెం పక్కకు. పైన మిగిలిన 8 సెం.మీ. ఖాళీగా వదిలేయండి. నీడ ఎటు పడుతుందో అటువైపు ఎక్కువ చోటు ఉంచాలి. కాగితం మొత్తం 311 చదరపు సెంటీమీటర్లు. చుక్కలు పడేది అందులో 30 లోపే.

పెన్సిల్‌తో రెండు ఆకారాలు తేలిగ్గా గీయండి. వాటితో పాటు నీడ ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ బాగా చిక్కబడుతుందో కూడా సన్నటి గీతలతో గుర్తుపెట్టుకోండి. తర్వాత నీడెడ్ ఇరేజర్‌ను వాటి మీద అద్దండి, రుద్దకండి. గీత మీకు మాత్రమే కనిపించేంత పలచబడాలి. ఇది ఇప్పుడే చేయాలి. ఇంకు పడ్డాక మామూలు రబ్బరుతో గట్టిగా రుద్దితే పెన్సిల్‌తో పాటు ఇంకు పైపొర కూడా లేచిపోతుంది, నలుపు బూడిదరంగులోకి దిగుతుంది.

ఇంకు పని మొదలయ్యేది రెండు గుండ్లు ఒకదాన్నొకటి తాకే ఇరుకులో. బొమ్మలో అన్నిటికన్నా నల్లటి చోటు అదే. 3 సెం.మీ. పొడవు, మిల్లీమీటరు నుంచి రెండు మిల్లీమీటర్ల మందం. దాన్ని ఐదో గడికి కాస్త తక్కువగా నింపి ఆపండి. నలుపు ముందే ఒకచోట పడితే మిగతా నీడలన్నీ దానితో పోల్చుకోవచ్చు. తెల్ల కాగితం మీద తెలుపు నుంచి మొదలుపెట్టినవాళ్లకు పది చుక్కలే చీకటిలా అనిపిస్తాయి, బొమ్మంతా వెలిసిపోయినట్టు తేలిపోతుంది.

తర్వాత పై గుండు. వెలుగు ఎడమనుంచి వస్తోందనుకుందాం. చిక్కటి నీడ కుడి అంచు మీద ఉండదు. అంచుకు 6 నుంచి 8 మి.మీ. లోపల, నిలువుగా వంగిన పట్టీలా ఉంటుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కొంచెం పలచబడుతుంది, ఎందుకంటే నేల మీద, పక్క రాళ్ల మీద పడిన వెలుగు తిరిగొచ్చి అక్కడ తగులుతుంది. ఆ తిరుగువెలుగు వదలకపోతే గుండు బంతిలా కాక, చుట్టూ కోసి అతికించిన ముక్కలా కనిపిస్తుంది. పై గుండు పొట్ట కింద కూడా ఇదే సంగతి. కింది గుండు నెత్తి మీది వెలుగు పైకి కొడుతుంది కాబట్టి, ఇరుకుకు పైన 3, 4 మి.మీ. మేర మూడో గడి దాటనివ్వకండి.

చిక్కటి పట్టీని నాలుగో గడి దాకా తెచ్చి, అక్కడి నుంచి ఎడమవైపుకు ఎడం పెంచుకుంటూ పోండి. అర మిల్లీమీటరు, ముప్పావు, ఒకటి, ఒకటిన్నర, చివరికి రెండు మూడు మిల్లీమీటర్లు. ఈ ఆఖరి 40, 50 చుక్కలే బొమ్మకు ప్రాణం. ఒక్కొక్కటి పెట్టే ముందు ఆగండి. అవి ఒక గీత దగ్గర ఒక్కసారిగా ఆగిపోతే అక్కడ రాయి విరిగినట్టు కనిపిస్తుంది.

ఇక వెలుగువైపు అంచు. అక్కడ ఏమీ వేయకండి. కాగితమే రాయి, కాగితమే ఆకాశం. చూసేవాళ్ల కన్ను తెలిసిన వంపును తానే పూర్తి చేసుకుంటుంది. మొత్తం చుట్టుకొలతలో మూడో వంతు దాకా ఇలా వదిలేయొచ్చు. అంతకన్నా ఎక్కువ పోయి ఆకారం అర్థం కాకపోతే అంచంతా చుక్కలు పేర్చకండి. వంపు బాగా తిరిగే చోట్లు రెండు చూసుకుని, అక్కడ పదేసి చుక్కలు వదులుగా పెడితే చాలు.

కింది గుండు మీద పై గుండు నీడ పడుతుంది. దాని అంచు ఇరుకు దగ్గర పదునుగా, దూరం పోయేకొద్దీ మెత్తగా ఉండాలి. సూర్యుడు చుక్క కాదు, ఆకాశంలో అర డిగ్రీ వెడల్పున్న బిళ్ల. అందుకే నీడ వేసే వస్తువు దూరమైనకొద్దీ నీడ అంచు చెదురుతుంది. పదును కావలసిన చోట చుక్కలను ఒక ఊహాగీత దాకా తెచ్చి ఆపండి, ఆ గీత మీద మాత్రం వరసగా పేర్చకండి. మిగతా గుండుకు పైదానికి చేసినట్టే, కానీ ఒక మెట్టు తక్కువగా. రెండూ ఒకే బరువుతో ఉంటే కన్ను దేని మీదా నిలవదు.

చివరిగా నేల. నేల గీత అవసరం లేదు. కింది గుండు అడుగున 1 మి.మీ. మందం నలుపు, అక్కడి నుంచి కుడివైపుకు 4, 5 సెం.మీ. సాగి కరిగిపోయే నీడ. చుక్కలు అడ్డంగా పరుచుకోవాలి, నిలువుగా గుట్టపడితే నేల గోడలా లేస్తుంది.

ఇదంతా 7,000 నుంచి 8,000 చుక్కలు. వేసే సమయం కన్నా చూసే సమయం ఎక్కువ పెట్టుకోండి. మొత్తం రెండున్నర నుంచి నాలుగు గంటలు, రెండు విడతలుగా. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల అవతలి వస్తువును ఇరవై సెకన్లు చూడండి, అదే ఊపులో బొమ్మను కూడా నిలబెట్టి రెండు మీటర్ల దూరం నుంచి చూడండి. దగ్గర నుంచి చూస్తే ఎప్పుడూ తక్కువగానే అనిపిస్తుంది. నిర్ణయం దూరం నుంచే తీసుకోవాలి.

తప్పులు, వాటి కారణాలు

చుక్కలకు తోకలు రావడం అన్నిటికన్నా మామూలు తప్పు. మొన కాగితం వదలకముందే చేయి తర్వాతి చోటుకు కదిలితే తోక వస్తుంది. తొందర, అలసట, రెండూ కారణాలే. తోకలన్నీ ఒకే దిక్కుకు ఉంటే వాన పడుతున్నట్టు కనిపిస్తుంది. తోకలు మొదలయ్యాయంటే ఆ రోజుకు ఆపేయండి. ఇప్పటికే పడిన తోకకు దాని కొసకు అటూ ఇటూ రెండు చుక్కలు పెడితే గుంపులో కలిసిపోతుంది. నీడలో అయితే ఇది కనిపించదు, వెలుగులో అయితే దాచలేరు.

పూసల దండలా అంచు రావడం రెండోది. పెన్సిల్ గీత కనిపిస్తుంటే చేయి దాని మీదే నడుస్తుంది. చుక్కలు గీతకు లోపలే పడాలి, కొన్ని దగ్గరగా, కొన్ని దూరంగా. దండ ఇప్పటికే పడితే లోపలివైపు దానికి ఆనుకుని చుక్కలు చిక్కబరిచి, దండను నీడలో ముంచేయండి.

చుక్కల మధ్యన పాముల్లాంటి తెల్ల దారులు, లేదా గుంపులు గుంపులుగా మచ్చలు కనిపిస్తే, ఒక్కో చిన్న చోటును పూర్తి చేసుకుంటూ పోయారన్నమాట. తెల్ల దారుల్లో చుక్కలు వేసి కలపొచ్చు. నల్లటి గుంపును మాత్రం పలచబరచలేరు. ఇంకు వెనక్కి రాదు. దాని చుట్టూ ఒక మెట్టు నలుపు పెంచడం ఒక్కటే దారి, అలా చేసుకుంటూ పోతే బొమ్మంతా ముదురుతుంది. కాబట్టి ప్రతి చోటా అనుకున్నదానికి ఎనభై శాతం దగ్గర ఆపి, అన్నీ అయ్యాక మిగతాది చూసుకోండి. బ్లేడుతో గీకడం, తెల్ల ఇంకుతో కప్పడం రెండూ వద్దు. గీకిన చోట కాగితం పీచు లేచి తర్వాతి చుక్క పాకుతుంది, తెల్ల ఇంకు కాగితం తెలుపుతో ఎప్పుడూ కలవదు.

సగం దూరం వచ్చాక చుక్కలు లావెక్కడం మరొకటి. ఫైన్‌లైనర్ మొన వేల దెబ్బలకు నలిగి వెడల్పవుతుంది. రెండో పెన్ను అందుకే. కొత్తది వెలుగు అంచులకు దాచి పెట్టండి, నలిగినదాన్ని ఇరుకుకు, నేల నీడకు వాడండి. నలిగిన పెన్నును పారేయొద్దు, దాని పని దానికి ఉంది.

ఎండాకాలంలో ఫ్యాను కింద కూర్చుంటే మూత తీసి ఉంచిన మొన త్వరగా ఆరుతుంది, చుక్క బూడిదగా పడుతుంది. చూడటానికి ఆగిన ప్రతిసారీ మూత పెట్టండి. చెమట పట్టిన అరచేయి తగిలిన చోట కాగితానికి జిడ్డు అంటి ఇంకు పట్టదు. చేతి కింద కాగితం అందుకే. వానాకాలంలో కాగితం తేమ పీల్చుకుంటుంది, నిన్న శుభ్రంగా పడిన చుక్క ఇవాళ పాకుతుంది. షీట్లను ప్లాస్టిక్ కవరులో, చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లంతో కలిపి పెట్టండి.

ఒకటి తప్పులా అనిపించే ఒప్పు: బొమ్మ ఖాళీగా ఉందేమో అన్న అనుమానం. ఆ అనుమానంతోనే ఆకాశంలో పక్షులు, పక్కన చెట్టు, వెనక మబ్బు వస్తాయి. ఒక రాత్రి గోడకు ఆనించి వదిలేసి పొద్దున చూడండి. అప్పుడూ ఏదో లోటుగా ఉంటే అది చాలావరకు ఇరుకులో నలుపు చాలకపోవడమే. అక్కడ ఇంకో వంద చుక్కలు వేస్తే వెలుగువైపు దానంతట అదే తెల్లబడుతుంది.

పూర్తయ్యాక

గంటసేపు ఆరనిచ్చి, మిగిలిన పెన్సిల్ జాడలను నీడెడ్ ఇరేజర్‌తో అద్ది తీయండి. స్కాన్ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), బూడిదరంగు ఛాయలు కూడా పట్టే గ్రేస్కేల్‌లో చేయించండి. పూర్తి నలుపు తెలుపు మోడ్‌లో చేస్తే పలచటి చుక్కలు ఎగిరిపోతాయి, దగ్గర చుక్కలు ముద్దవుతాయి. జిరాక్స్ తీసి చిన్నది చేయిస్తే అదే గతి: సగానికి తగ్గిస్తే 0.3 చుక్క 0.15 అవుతుంది, నాలుగో గడి ఐదో గడిలా కమ్ముకుంటుంది. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదింపులో చుక్కలు మసకబారి కలిసిపోతాయి, ఫైలును డాక్యుమెంట్‌గా పంపండి. ఫోన్ తెర మీద చిన్నగా చూసినప్పుడు లేని చారలు, గళ్లు కనిపిస్తే అది బొమ్మలో తప్పు కాదు. చుక్కలు, తెర గడులు ఒకదానితో ఒకటి పేచీ పడటం వల్ల వచ్చే భ్రమ అది.

ఫ్రేము కట్టించేటప్పుడు అద్దం కాగితాన్ని తాకకుండా మధ్యలో మౌంట్ అట్ట పెట్టమనండి, ఆమ్లం లేని అట్ట అయితే మంచిది. పిగ్మెంట్ ఇంకు ఎండకు అంత తొందరగా వెలవదు, కాగితమే పసుపెక్కుతుంది. పడమటి ఎండ పడే గోడ వద్దు. సంతకం పెట్టాలనుకుంటే బొమ్మలో ఉన్న ఒకే ఒక్క గీత అదే అవుతుందని గుర్తుంచుకోండి. నేల నీడ కొసకు కింద, 5 మి.మీ. దాటకుండా, పెన్సిల్‌తో.